పాత 17 అడుగుల ఫైబర్ బోటు: రంగు వేద్దామంటే పని పెరుగుతోంది

కొత్తతెడ్డు
అందరికీ నమస్కారం. పాత బోటు ఒకటి చేతికొచ్చింది. 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, వెనక ఔట్‌బోర్డ్ ఇంజన్, 1980ల నాటి తయారీ. జెల్‌కోట్ (ఫైబర్ పైన ఉండే మెరుపు పొర) మొత్తం వెలిసిపోయింది, చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుతోంది. దానిమీద మునుపటి ఓనరు నీలం రంగు పులిమాడు, అది పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. ఎడమ పక్క రెండు లోతైన గీతలు, ముక్కు దగ్గర సన్న పగుళ్లు ఉన్నాయి. నేల ఒకచోట అడుగేస్తే కాస్త దిగుతుంది. అంతకుమించి పెద్ద సమస్యలేమీ కనబడలేదు.

నా ప్లాన్ ఏంటంటే, పాత రంగు గీకేసి, ప్రైమర్ కొట్టి, ముదురు నీలం రెండు కోట్లు స్ప్రే చెయ్యడం. కంప్రెసరు, గన్ను రెండూ ఉన్నాయి. రెండు డబ్బాలు కలిపే పాలీయురేథేన్ వాడాలా, ఒకే డబ్బాది సరిపోతుందా?

పాతహల్
నేల దిగుతుందన్న ముక్క చివర్లో అనేసి వెళ్లిపోయారు, మీ పోస్టులో అసలు సంగతి అదొక్కటే. రంగు మాట తర్వాత. ఆ కాలం బోట్లలో నేల, దాని కింద బారుగా పోయే స్ట్రింగర్లు, ఇంజన్ బిగించే వెనక గోడ, అంటే ట్రాన్సమ్, చాలావరకు ప్లైవుడ్డే. పైన ఫైబర్ కప్పి ఉంటారు. నేల మెత్తబడిందంటే నీళ్లు లోపలికి వెళ్లాయి. వెళ్లిన నీళ్లు అక్కడే కూర్చోవు, పల్లం చూసుకుని ట్రాన్సమ్ అడుక్కి చేరతాయి.

ఇంజన్‌ని సగం ఎత్తి పెట్టి, దాని లెగ్ (నీళ్లలోకి దిగే కింది భాగం) మీద మీ బరువు వెయ్యండి. ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచు చూస్తుండాలి. అది కదిలితే లోపల చెక్క పోయినట్టే. తర్వాత ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ రండి. బాగున్నచోట టక్‌మని మోగుతుంది, పోయినచోట డబ్‌మని అణిగిపోతుంది. ఆఖర్న, కిందివైపు నీటి లోతు చూపే డెప్త్ ఫైండర్ సెన్సర్ బిగించిన స్క్రూ ఒకటి ఊడదీయండి. గోధుమరంగు నీళ్లు కారితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

నీటిమీద
అనుమానం ఉంటే లోపలివైపు నుంచి సన్న బిట్‌తో రంధ్రాలు వెయ్యండి, బయటి పొర దాటనివ్వకండి. పొట్టు లేతరంగులో పొడిగా వస్తే బతికిపోయారు. నల్లగా ముద్దగా వస్తే సెలవులన్నీ దీనికే. చూశాక రంధ్రాలు ఇపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) మూసెయ్యండి. చెమ్మ మీటరు మీద మరీ ఆధారపడకండి, రాగి కలిసిన అడుగు రంగు ఉన్నా, వెనక లోహం ఉన్నా అది తప్పు చూపిస్తుంది.

కొత్తతెడ్డు
చూశాను. టెన్షన్ మొదలైంది. పైభాగం పొట్టు బాగానే ఉంది. అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా నల్లగా ఉంది, వేళ్లతో నలిపితే పిండైపోతోంది, బూజు వాసన. సెన్సర్ స్క్రూ తీస్తే టీ రంగు నీళ్లు చుక్కచుక్కగా రాత్రంతా కారాయి. ఇంజన్ బోల్టుల చుట్టూ మాత్రం గట్టిగానే ఉంది. కిందిది ఒక్కటే మార్చి పైది ఉంచేయొచ్చా?

గాలివాటం
బోల్టుల దగ్గర గట్టిగా ఉంటే కంగారేం లేదు బ్రదర్. వరుసగా రంధ్రాలు వేసి, పల్చటి ఇపాక్సీ పోస్తే చెక్క పీల్చుకుని రాయిలా అవుతుంది. నేను చూసిన బోటొకటి అలాగే తిరుగుతోంది.

పాతహల్
గాలివాటం గారూ, చెక్క పీల్చుకోవాలంటే ముందు ఎండాలి. రెండు వైపులా ఫైబర్ పొర ఉంటే అది ఎటు ఎండుతుంది? మీరు పోసిన ఇపాక్సీ రంధ్రం చుట్టూ కాస్త దూరం వెళ్లి ఆగిపోతుంది, మధ్యలో తడి ముద్ద అలాగే ఉంటుంది. పైగా ట్రాన్సమ్ పని చేసేదే శాండ్‌విచ్‌లాగా. బయటి పొర, లోపలి పొర, మధ్యలో చెక్క, మూడూ అతుక్కుని ఉంటేనే బలం. త్రాటిల్ లాగినప్పుడు ఇంజన్ కిందివైపు ముందుకి తోస్తుంది, పైవైపు వెనక్కి లాగుతుంది. అంటే భారం పడేది బోల్టుల చుట్టూ మాత్రమే కాదు, అడుగు అతుకు మీద కూడా. ఆయన బోటులో కుళ్లింది సరిగ్గా అక్కడే.

గాలివాటం
నది నీళ్లలో నెమ్మదిగా తిప్పుకునేవాడికి ఇంత అవసరమా అన్నదే నా మాట. మీరు అందరి చేతా కొత్త బోటు కట్టించేట్టున్నారు.

రెజిన్‌రాణి
ఇద్దరి మాటా విన్నాను, ఈ విషయంలో పాతహల్ గారి వైపే. చెక్క మొత్తం మార్చండి. ఎలా మార్చాలన్న దానిలో మాత్రం చాలా తేడాలున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

లోపలి నుంచి తీస్తే బయటి పొర అలాగే ఉంటుంది, రంగు వేసేటప్పుడు అతుకు కనబడదు. కానీ పై డెక్ అడ్డొస్తుంది. బయటి నుంచి కోస్తే చేతికి అందుతుంది, కానీ తర్వాత లప్పం పని రెట్టింపు. ఎలాగూ నేల లేపాల్సిందే కాబట్టి మీకు లోపలి నుంచే మేలు. ఒకవేళ బయట కోయాల్సి వస్తే, ట్రాన్సమ్ కుడిపక్క పైమూల హల్ (బోటు గుల్ల) నంబరు ఉందేమో చూసుకోండి. 1972 చివరి నుంచి అమెరికాలో తయారైన బోట్లకి 12 అక్షరాల నంబరు ఉంటుంది, 1984 ఆగస్టు నుంచి వచ్చినవాటిలో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. దాన్ని కోసేసినా, లప్పం కింద కప్పేసినా రేపు కాగితాల దగ్గర ఇబ్బంది.

కోసే ముందు హల్‌ని అడుగునుంచి చాలాచోట్ల ఊతమిచ్చి కదలకుండా నిలబెట్టండి. నేల, స్ట్రింగర్లు తీసేసిన హల్ మెత్తబడుతుంది. వంగిన స్థితిలో కొత్త చెక్క అంటిస్తే ఆ వంకర అలాగే గట్టిపడుతుంది. స్ట్రింగర్లు కూడా పోయి ఉంటే ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, అన్నీ ఒకేసారి పీకకండి.

ప్లైవుడ్ బీఎస్ 1088 గ్రేడుది తీసుకోండి. అందులో జిగురు నీటికి తట్టుకునేదే, లోపలి పొరల్లో ఖాళీలు కూడా ఉండవు. మామూలు ప్లైలో ఒక ఖాళీ ఉంటే నీళ్లకి అది దారి. అంచులు ఇపాక్సీతో రెండు మూడు సార్లు తడపండి, ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల నుంచే. బయటి పొరకి అంటించేటప్పుడు ఇపాక్సీలో సిలికా పొడి కలిపి చిక్కగా చేసి, పళ్ల గరిటెతో పరిచి, క్లాంపులు బిగించండి. మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకులో ఏమీ మిగలదు. అంచుల్లో కాస్త పొంగి కనబడితే చాలు.

కొత్తతెడ్డు
మేడమ్, చాలా థాంక్స్. ఇపాక్సీయే ఎందుకు? కంపెనీలో దీన్ని చేసింది పాలియెస్టర్ రెజిన్‌తోనే కదా?

రెజిన్‌రాణి
కంపెనీలో మొత్తం ఒకేసారి పచ్చిగా ఉండగా చేస్తారు కాబట్టి పొరలన్నీ కలిసిపోతాయి. మీరు అంటించేది ఎప్పుడో గట్టిపడిన పాత ఫైబర్‌కి, పైగా చెక్కకి. పాలియెస్టర్ చెక్కని పట్టుకోవడం అంతంతమాత్రమే, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కూడా. ఇపాక్సీ పాత పాలియెస్టర్ మీద బాగా పట్టుతుంది. దీనికి తిరగేసిన వరస మాత్రం నమ్మలేం. ఇపాక్సీ మీద పాలియెస్టర్ గానీ జెల్‌కోట్ గానీ సరిగా ముదరకపోవచ్చు. రిపేరు ఇపాక్సీతో చేస్తే పైన పెయింటే అనుకోండి.

ఇంకో మాట. ఫైబర్ దుకాణంలో మామూలు తరిగిన మ్యాట్ ఇస్తారు. దాని పోగుల్ని కలిపి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరిగేలా చేస్తారు. ఇపాక్సీలో స్టైరీన్ ఉండదు. మ్యాట్ బిర్రుగా ఉండిపోతుంది, మూలల్లో వంగదు. దారంతో కుట్టిన బయాక్సియల్ బట్ట అడగండి.

కొలత విషయంలో పాలియెస్టర్ అలవాటు ఇక్కడ పనికిరాదు. అందులో క్యాటలిస్ట్ 1 నుంచి 2 శాతం మధ్య వేడిని బట్టి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఇపాక్సీలో డబ్బా మీద 5కి 1 అని ఉంటే 5కి 1 కలపాల్సిందే. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిడ్డుగానే ఉంటుంది. ఎండాకాలమైతే స్లో హార్డెనర్ తీసుకోండి. కలిపింది మగ్గులో ఉంచకండి, వెడల్పు ట్రేలో పరవండి. మగ్గులో ఉంటే దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది.

గట్టిపడ్డాక పైన మైనంలా పల్చటి జిడ్డు తేలొచ్చు. అది నీళ్లలో కరుగుతుంది. ముందు నీళ్లతో, గరుకు ప్యాడ్‌తో కడిగి, ఆ తర్వాతే ఉప్పు కాగితం పట్టండి.

ఔట్‌బోర్డ్90
నేల లేపినప్పుడు రెండు పనులు మర్చిపోవద్దు. కింద పసుపు ఫోమ్ ఉంటుంది. అన్నిటికంటే అడుగునుంచి ముక్క కోసి తూచండి. మంచి ఫోమ్ ఘనపు మీటరుకి 32 కిలోల దగ్గర ఉంటుంది, అంటే చేతిలో బరువే తెలియదు. పిండితే నీళ్లొచ్చాయంటే మొత్తం తవ్వెయ్యాలి. మూసిన గదుల ఫోమ్ నీళ్లు తాగదని అంటారు గానీ, ఏళ్ల తరబడి నానితే తాగుతుంది. అప్పుడు మీ బోటు మీరు కాక ఇంకో నలుగురిని ఎక్కించుకున్నట్టే తిరుగుతుంది.

రెండోది పెట్రోల్ ట్యాంకు. అల్యూమినియం ట్యాంకు చుట్టూ ఫోమ్ నింపేసి ఉంటే, ఫోమ్‌కీ లోహానికీ మధ్య తడి నిలిచి అడుగున గుంటలు పడతాయి. పైనుంచి కొత్తదానిలా మెరుస్తుంది. బయటికి తీసి తిరగేసి చూడండి. గొట్టాలు కూడా ఇప్పుడే మార్చెయ్యండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కారితే బోటు అడుక్కే దిగి కూర్చుంటుంది.

నీటిమీద
ఫోమ్ తీసేసి ఖాళీగా వదిలెయ్యకండి. బోటు మునిగితే మీకు మిగిలేది అదే. 1958లో వచ్చిన బోస్టన్ వేలర్ పేరు నిలబడింది ఫోమ్ వల్లే. దాన్ని రంపంతో రెండుగా కోసి, సగం ముక్క మీద కూర్చుని వెళ్లిన ఫొటోలు చూసే ఉంటారు.

కొత్తతెడ్డు
అప్డేట్: నేల లేచింది. ఫోమ్ వెనక సగం స్పాంజీలా ఉంది, ముందు సగం పొడి. కుడి స్ట్రింగర్ వెనక చివర మాత్రమే పోయింది. ట్యాంకు బాగుంది, ఎవరో ముందే మార్చినట్టున్నారు. ట్రాన్సమ్ చెక్క చాలాచోట్ల చేత్తోనే ఊడొచ్చింది, పైన బోల్టుల దగ్గర ముక్క మాత్రం ఉలి పెట్టినా రాలేదు. గాలివాటం గారూ, ఆ మేరకి మీరన్నదీ నిజమే.

గాలివాటం
😄 చాలు, ఈ చర్చలో నాకు అదే ఎక్కువ.

కొత్తతెడ్డు
కొత్త ట్రాన్సమ్, స్ట్రింగర్, నేల అయ్యాయి. రెజిన్‌రాణి మేడమ్ చెప్పినట్టే చేశాను, లెగ్ మీద నిలబడ్డా అంచు కదలడం లేదు. ఇప్పుడైనా రంగు మాట్లాడొచ్చా?

లప్పంమాస్టర్
ఇన్నాళ్లూ ఈ మాట కోసమే చూస్తున్నా. రంగు అంటే ముందు కడగడం. ఉప్పు కాగితం ముట్టుకోకముందే మైనం తీసే సాల్వెంట్‌తో తుడవాలి. ఒక గుడ్డతో తడుపు, అది ఆరేలోపే వేరే పొడి గుడ్డతో ఎత్తెయ్యి. ఒకే గుడ్డతో రుద్దితే మైనాన్ని అటునుంచి ఇటు పూస్తున్నట్టే. ముందే శాండింగ్ చేస్తే ఆ మైనం గీతల్లోకి దిగబడుతుంది, తర్వాత ఎంత కడిగినా రాదు. చివర్లో నీళ్లు చల్లి చూడండి. నీళ్లు పరుచుకుంటే శుభ్రం, ముత్యాల్లా విడిపోతే ఇంకా మైనం ఉంది.

పాత నీలం రంగు ఏ రకమో చూడాలి. థిన్నర్‌లో ముంచిన గుడ్డ దానిమీద కాసేపు ఉంచండి. మెత్తబడితే ఒకే డబ్బా రంగు. దానిమీద రెండు డబ్బాల రంగు వేస్తే ఆ సాల్వెంట్‌కి అడుగుది ముడతలు పడి లేస్తుంది. పెచ్చులు లేస్తోందన్నారు కాబట్టి ఏదైనా సరే మొత్తం గీకెయ్యండి. రంగు కరిగించే రసాయనాలు వాడితే ఫైబర్‌కి పనికొచ్చేవే వాడండి, మామూలువి జెల్‌కోట్‌ని కూడా తినేస్తాయి.

ముక్కు దగ్గర సన్న పగుళ్ల మీద ప్రైమర్ కొట్టి ఊరుకుంటే మళ్లీ అదే ముగ్గు పైకి తేలుతుంది. ఒక్కో పగులునీ వీ ఆకారంలో తెరిచి ఇపాక్సీ లప్పం నింపాలి. అసలు అక్కడ ఎందుకు పగిలిందో కూడా చూడండి. కొన్నిసార్లు లోపల బల్కుహెడ్ (అడ్డుగోడ) గట్టిగా తగులుతుంది, లేదా రెయిలింగు బోల్టు వెనక ప్లేటు ఉండదు. లోతైన గీతలు బట్ట దాకా వెళ్తే లప్పంతో కప్పకండి. లోతుకి 12 రెట్లు వెడల్పున ఏటవాలుగా అరగదీసి, బట్ట ముక్కలు పెట్టి నింపండి. కారు లప్పం నీటి మట్టం కింద అసలు వద్దు, అది చెమ్మ పీలుస్తుంది.

ఇక అసలు పని. మిషన్‌తో అరగదీస్తే నున్నగా ఉంటుంది, చదునుగా ఉండదు. ఈ రెండూ ఒకటి కాదు. చేతితో తోసే పొడవాటి బోర్డు కావాలి, కాస్త వంగేది, 80 నంబరు కాగితంతో. ఏటవాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు. ముందు నల్ల స్ప్రే డబ్బాతో దూరం నుంచి పల్చగా చల్లండి. బోర్డు తోశాక నలుపు మిగిలిన చోటే పల్లం. అక్కడ లప్పం, మళ్లీ నలుపు, మళ్లీ బోర్డు. విసుగొస్తుంది. విసుగొచ్చి ఎక్కడ ఆపారో రంగు వేశాక అందరికీ కనబడుతుంది. ముదురు నీలం అంటున్నారు చూడండి, అది ప్రతి అలనీ చూపిస్తుంది. ఎండకి బాగా వేడెక్కుతుంది కూడా, కింద కొత్త ఇపాక్సీ మెత్తబడి బట్ట నేత పైకి అచ్చు పడొచ్చు. లేత బూడిద రంగో, క్రీమ్ రంగో అయితే సగం పాపాలు కడుపులో దాచుకుంటుంది.

పాతహల్
అడుగు భాగంలో ఒక జాగ్రత్త. వెనక, ట్రాన్సమ్‌తో కలిసే కింది అంచు పదునుగా ఉండాలి. చాలామంది చేతికి గుచ్చుకుంటోందని దాన్ని గుండ్రంగా అరగదీస్తారు. వేగంగా వెళ్లేటప్పుడు నీళ్లు అక్కడ తెగిపోవాలి. గుండ్రంగా ఉంటే నీళ్లు అంచుని పట్టుకుని పైకెక్కి బోటుని వెనక్కి లాగుతాయి. ఆ చివరి భాగంలో లప్పం కిందికి ఉబ్బినా ముక్కు కిందికి నొక్కుకుపోతుంది. సూటి కర్ర పెట్టి చూసుకోండి.

కొత్తతెడ్డు
నీలమే వేస్తానండీ, బోర్డు ఇంకొంచెం ఎక్కువ తోస్తాను. మరి స్ప్రే సంగతి?

రెజిన్‌రాణి
రెండు డబ్బాల పాలీయురేథేన్ షెడ్లో స్ప్రే చెయ్యొద్దు. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. గన్నుతో కొడితే అవి సన్నటి మంచులా గాల్లో తేలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. వాటికి వాసన సరిగా తెలియదు, కాబట్టి మాస్కు పనిచెయ్యడం ఆగిపోయినా మీకు తెలియదు. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉన్నవాళ్లే స్ప్రే చెయ్యాలి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా వస్తుంది. పక్కన ఇంట్లో పిల్లలుంటారు కూడా.

గాలివాటం
కార్ట్రిడ్జి మాస్కుతో చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ... సరే, దీనిమీద నేను వాదించను. ఫినిషింగ్ మాత్రం గన్నుకి సాటి రాదు.

లప్పంమాస్టర్
వస్తుంది. రోలరుతో వేసి కుంచెతో సర్దితే ఆరడుగుల దూరం నుంచి మీరే చెప్పలేరు. ఇద్దరు కావాలి. ఒకరు చిన్న ఫోమ్ రోలరుతో రెండడుగుల వెడల్పు పట్టీ పల్చగా పరుస్తారు. రెండోవాళ్లు వెంటనే మెత్తటి కుంచె కొనతో, బరువు వెయ్యకుండా, బుడగలు పగిలేలా ఒక్కసారి లాగుతారు. కొత్త పట్టీ నుంచి తడి అంచులోకి లాగాలి. వెనక్కి వెళ్లి మళ్లీ సర్దొద్దు. దోమ పడినా వదిలెయ్యండి. మందంగా వేస్తే జారుతుంది, పల్చగా రెండు మూడు కోట్లు మేలు. ప్రైమర్‌ని 320 నంబరు కాగితం దాకా రుద్దాకే మొదలుపెట్టండి.

నీటిమీద
వాతావరణం చూసుకోండి. ఉపరితలం మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నరోజు మంచు 26 దగ్గరే పడుతుంది, అంటే హల్ 29 అయినా ఉండాలి. పొద్దుగూకాక ఆరుబయట హల్ గాలికంటే ముందే చల్లబడుతుంది. సాయంత్రం వేస్తే తెల్లారేసరికి మెరుపు పోయి పాలిపోతుంది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపెయ్యండి.

కొత్తతెడ్డు
నీటి మట్టం కింద కూడా అదే రంగు వెయ్యొచ్చా? బోటు ట్రెయిలరు మీదే ఉంటుంది, నీళ్లలో దించేది వెళ్లినరోజే.

ఔట్‌బోర్డ్90
అలాగైతే వెయ్యొచ్చు. రోజుల తరబడి నీళ్లలో వదిలేస్తే మాత్రం పైరంగు బొబ్బలు కడుతుంది. అలాంటి బోట్లకి అడుగున నీళ్లు ఆపే ఇపాక్సీ బారియర్ కోట్లు, దానిపైన నాచు పట్టని యాంటీఫౌలింగ్. మీకు అదేమీ అక్కర్లేదు. ఎప్పుడైనా వేస్తే రాగి ఉన్న రంగుని అల్యూమినియం ఇంజన్ లెగ్‌కి మాత్రం పుయ్యకండి, లెగ్‌ని తినేస్తుంది. లోహం తినెయ్యకుండా ఇంజన్‌కి బిగించే జింక్ ముక్కల మీద ఏ రంగూ వెయ్యొద్దు.

పాత బోట్ల అడుగు రంగు ఎప్పుడూ తడిపే గీకండి. ఒకప్పుడు టిన్ కలిసిన రంగులు వాడేవాళ్లు. 2001 అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చాక అవి నిషేధం, కానీ పాత పొరల కింద ఉండొచ్చు.

కొత్తతెడ్డు
రంగు పూర్తయింది. మా బావమరిది కుంచె, నేను రోలరు. పక్కనుంచి చూస్తే కుడివైపు ఒక చిన్న అల తెలుస్తోంది, మిగతాదంతా అద్దంలా ఉంది. దుమ్ము రేణువులు కొన్ని పడ్డాయి. 2000 కాగితంతో తడిపి రుద్ది పాలిష్ చెయ్యొచ్చా?

లప్పంమాస్టర్
డబ్బా మీద చూడండి. యాక్రిలిక్ రకమైతే పాలిష్ పట్టొచ్చు. ఆల్‌గ్రిప్ లాంటి పాలియెస్టర్ రకమైతే వద్దు. మెరుపు ఉండేది పైకి తేలిన ఆ పల్చటి పొరలోనే. రుద్దితే ఇప్పటికి మెరుస్తుంది, తర్వాత ఆ మచ్చ ముందు వెలుస్తుంది. దుమ్ము అంటారా, నీళ్లలో దించాక ఎవరూ చూడరు.

కొత్తతెడ్డు
పాలియెస్టర్ రకమే. వదిలేస్తా. రెయిలింగు, తాడు కట్టే క్లీట్లు బిగించడానికి 3ఎం 5200 సీలెంట్ కొన్నాను, సరిపోతుందా?

పాతహల్
తిరిగి ఇచ్చెయ్యండి. అది జన్మలో ఊడదు. క్లీట్ తీయాలంటే కింద జెల్‌కోట్ పెచ్చుతో సహా వస్తుంది. క్లీట్లకి బ్యూటైల్ టేపు, ఇంజన్ బోల్టులకి పాలీసల్ఫైడ్ సీలెంట్. ప్రతి రంధ్రాన్నీ కావాల్సిన దానికంటే పెద్దగా వేసి, చిక్కటి ఇపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం వెయ్యండి. అప్పుడు సీలెంట్ పోయినా నీళ్లకి చెక్క తగలదు. రంధ్రం నోరు కొంచెం ఏటవాలుగా తెరవండి, సీలెంట్ అక్కడ ఉంగరంలా నిలుస్తుంది. సగం బిగించి, సీలెంట్ గట్టిపడ్డాక మిగతా బిగించండి. బిగించేటప్పుడు బోల్టు తిప్పకండి, లోపలి నుంచి నట్టు తిప్పండి.

కొత్తతెడ్డు
ఇచ్చేస్తాను. వారం తర్వాత ఇంజన్ ఎక్కిస్తున్నాం.

ఔట్‌బోర్డ్90
ఎక్కించే ముందు వాటర్ పంపు ఇంపెల్లర్ మార్చండి. ఇన్నాళ్లు ఆగిన ఇంజన్‌లో ఆ రబ్బరు రెక్కలు ఒకవైపే వంగి బిగుసుకుపోయి ఉంటాయి.